తాళంచెవి

మాంటెవిడియోలో, రేవుకు రెండు వీధుల ఇవతల,
గొడుగు విప్పితే నిండిపోయేంత కొట్టు నాది.
గోడ నిండా గాడి పడని తాళంచెవులు,
ఇంకా ఏ తలుపు కోసమూ పుట్టనివి.
యంత్రం కీచుమన్నప్పుడు మాత్రం
నా లోపలి సంత సద్దుమణుగుతుంది.
ఇత్తడి రజను వేళ్ళ మీద వాలుతుంటే
పన్నుకు పన్ను, గాడికి గాడి,
వెంట్రుకవాసి తప్పు పోనివ్వను.

ఊళ్ళో అందరి తలుపులూ తెరుస్తాను.
మా ఇంటి తాళంచెవి ఎక్కడ పెట్టానో
ఈ నెలలో ఇది నాలుగోసారి, తెలియదు.
ఒకసారి ఫ్రిజ్‌లో, వెన్న పక్కన దొరికింది.
చల్లబడిపోయి ఉంది, పాపం.

"తాళానికైనా చెవి ఉంది యమాందూ, నీకు లేదు"
అంటుంది మిర్తా.
ఉంది. ఉండటమే తంటా.
తను కరెంటు బిల్లు సంగతి చెబుతుంటే
కింద సీసాలు ఏరుకునేవాడి బండిచక్రం,
పైవాటాలో రేడియో, అందులో ఎవడో గోల్ కొట్టడం,
కుళాయి చుక్క, తన చెవిపోగు ఊగడం,
అన్నీ ఒకే గొంతుతో, ఒకే తొందరతో
నన్నే పిలుస్తాయి.
ఎవరికని పలకను?

బడిలో, తెల్ల అంగీ మీద నీలం ముడి కట్టుకున్న రోజుల్లో,
కిటికీ పక్కనుంచి లేపి గోడకు ఎదురుగా కూర్చోబెట్టారు.
గోడకు ఒక పగులు ఉంది. దాని వెంట వెళ్ళిపోయాను.
"సోమరి" అని రాసింది టీచరు.
నలభై మూడేళ్ళు అదే నా ఇంటిపేరు అనుకున్నాను.
మొన్న మే నెలలో డాక్టరు ఇంకో పేరు చెప్పింది, పొడుగాటిది.
అవధానం తక్కువట.
తక్కువెక్కడమ్మా, పొంగి పొయ్యి ఆరిపోతుంటే?
బయటికొచ్చి నవ్వుకున్నాను.
బస్టాపులో ఏడుపొచ్చింది.
ఏడుస్తూ ఎక్కిన బస్సు మా వైపుది కాదు.

పొద్దున్నే ఒక మాత్ర వేసుకోవాలి.
వేసుకోవాలని గుర్తుండాలి.
మాతే ఆకు మీద పోసే నీళ్ళు మరగకూడదు, చేదెక్కుతాయి.
మా ఇంట్లో మరగడం కాదు, మాడిన కెటిళ్ళే మూడు.
"నాకు ఇద్దరు పిల్లలు, ఒకరికి మీసాలు" అని
చెల్లెలి దగ్గరికి పైసాందూ వెళ్ళిపోయింది మిర్తా.
నాలుగు రోజులు.
ఆ నాలుగు రోజులూ ఏదీ పోలేదు ఇంట్లో.
వెతకడానికి మనసే రాలేదు మరి.

జులై, శుక్రవారం.
ముసలావిడ ఒకావిడ తలుపు బయట ఉండిపోయింది.
తాతలనాటి తాళం, లోపలంతా తుప్పు.
మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి,
సన్నటి కడ్డీ కొసన ప్రపంచమంతా పెట్టుకున్నాను.
జేబులో ఫోను పదకొండుసార్లు మోగిందట.
అనాయీ బడి గేటు దగ్గర,
నీళ్ళమీది గాలి ముఖాన కొడుతుంటే,
వాచ్‌వుమన్ కోటులో దూరి నిలబడి ఉంది.
నన్ను మర్చిపోయావా నాన్నా, అనలేదు.
అన్నా బావుండేది.
"తాళం వచ్చిందా?" అంది.

ఆదివారం రాత్రుళ్ళు ఇప్పుడు
నేను బిల్లులు ముందేసుకుంటే
మిర్తా ఎదురుగా కూర్చుంటుంది, ఊలు అల్లుకుంటూ.
సాయం చేయదు, మాట్లాడదు.
ఊరికే ఉంటుంది, కాగితాల మీద పెట్టిన రాయిలా.
గాలి అప్పుడూ వీస్తూనే ఉంటుంది.
కాగితాలు ఎగరవు, అంతే.
కొన్ని ఆదివారాలు ఆవిడే నిద్రపోతుంది.
అప్పుడు ఎగురుతాయి.

అనాయీకి ఒక తాళంచెవి కోసి ఇచ్చాను.
ఇంకెప్పుడూ ఆలస్యం చేయనని ఒట్టు వేయలేదు.
దాని పళ్ళు మాత్రం రెండుసార్లు నునుపు చేశాను.
ఎర్రదారంతో మెళ్ళో వేసుకుంది.

నిన్న సాయంత్రం మెట్ల మీద
చొక్కా జేబు, కోటు జేబు, మళ్ళీ చొక్కా జేబు
తడుముకుంటుంటే లోపల్నుంచి అనాయీ:
"తలుపుకే ఉంది నాన్నా, పొద్దున్నుంచీ.
తీసి లోపల పెడితే
నువ్వు ఇంకెక్కడో వెతుకుతావని
అక్కడే వదిలేశా."